దింపుడు బేరం

బండి ఎక్కడానికే ఇంకో మనిషి సాయం కావలసివచ్చింది రమణమూర్తికి. పుట్టుకకి మామూలు పికప్పే, బరంపురం బజారులో సందుకి రెండు కనబడతాయి అలాంటివి, కాని దీన్ని కొండలెక్కడానికని మార్చారు, కమాన్‌కట్టలు మార్చి మోకాలెత్తు పైకి లేపారు, ట్రాక్టరుకి ఉండవలసిన చక్రాలు తెచ్చి దీనికి తొడిగారు, ముందు బంపరుకి ఇనపతాడు చుట్టిన రాట్నమొకటి బిగించారు, వెనక తొట్టి చుట్టూ గొట్టాలతో పంజరం కట్టారు, పొగగొట్టాన్ని కేబిను పక్కనుంచి నెత్తి మీదకి లాక్కెళ్లారు, వాగు దాటేటప్పుడు నీళ్లు దూరకుండా. పంచె ఎగ్గట్టి, కాలెత్తి, అందక, మళ్లీ కాలు కింద పెట్టి, యాభై దాటిన మనిషి అలా తంటాలు పడుతుంటే పాత్రపూర్ రోడ్డు పక్క టీకొట్టువాడు చూడనట్టు చూశాడు. "నా బుజం మీద సెయ్యెయ్యండి బాబూ, ఏటీ అవదు" అన్నాడు బండి అమ్మే దేముడు, వంగి. వేశాడు. చొక్కాలోంచి భుజం ఎముక అరచేతికి తగిలింది, ఎండిన కట్టెలా. ఎవణ్ణి ముంచడానికి వచ్చాడో వాడి భుజం పట్టుకునే పైకెక్కి కూర్చున్నాడు, సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. సంచీలో తాంబూలం ఉంది, అరటాకులో చుట్టిన తమలపాకులూ వక్కలూ పసుపుకొమ్మూ, వాటి కింద బయానా డబ్బు. తాంబూలం చేతులు మారిందంటే బేరం కుదిరినట్టే, ఆ తరవాత వెనక్కి పోయినవాడికి బజారులో మళ్లీ ముఖం చెల్లదు. పొద్దున్న భార్య భారతీదేవి సర్ది ఇచ్చింది, "ఏటండీ, ఈ వయసులో మీకు బండి సరదా పుట్టిందేటి" అని నవ్వింది, ఆవిడ నవ్వితే తనూ నవ్వాడు, ఎందుకు కొంటున్నదీ చెప్పలేదు. పెళ్లాంతో చెప్పుకోలేని వ్యాపారం ఇన్నేళ్లలో ఒక్కటీ చెయ్యలేదని నలుగురిలో అనేవాడు.

"కొండ మీద దాకా తిప్పి సూపిత్తాను. ఎక్కి సూడకుండా కొనీసి, ఆనక నన్ను తిట్టుకోకూడదు" అన్నాడు దేముడు, తాళం తిప్పి. బండి ఒళ్లు విదిలించుకుని లేచింది. ఆ అదురు సీటులోంచి నడుములోకి, నడుములోంచి పళ్లలోకి పాకితే రమణమూర్తికి ఎక్కడో, ఎప్పుడో, చిన్నప్పుడెప్పుడో చచ్చిపోయిన సరదా ఒకటి కళ్లు తెరిచింది. అబ్బ, ఎంత ఎత్తు. టీకొట్టు కప్పు మీద ఎవరో ఆరేసిన మిరపకాయలు కనబడుతున్నాయి, ముళ్లకంప అవతల ఆవు కనబడుతోంది, గల్లాపెట్టె వెనక కూర్చుని బతికిన మనిషికి లోకమెప్పుడూ నడుము ఎత్తులోనే కనబడింది, సంచులూ, చేతులూ, కాటా పళ్లేలూ. పిల్లప్పుడు లారీ డ్రైవరవుతానని అంటే నాన్నగారు చెవి మెలేసి, కోమటి కడుపున పుట్టి స్టీరింగు పట్టుకుంటావట్రా అన్నారు, అంతటితో అయిపోయింది ఆ సంగతి. ఇప్పుడు ఈ బండి నిజంగానే తనదైతే, గోపాలపూర్ ఇసకలో ఒక్కసారి, భారతీదేవిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ అమ్మో అమ్మో అని చెయ్యి పట్టుకుంటుంటే, అలల అంచుదాకా. ఛీ. రేపు ఈపాటికి ఈ చక్రాలు ఉండవు. చంపడానికి కొన్న కోడిపుంజు ఈకలు దువ్వి మురిసినట్టుంది తన వరస.

చంపడానికే కొంటున్నాడు మరి. అందులో దాపరికమేం లేదు, ఉన్నదల్లా దేముడి దగ్గరా, ఇంట్లోనూ. కిందటి వారం తాతారావుగారి కొట్టు అరుగు మీద చింతపండు వర్తకులందరూ చేరారు, పెద్దాయన తాతారావు చుట్ట ముట్టించి, ఈ ఏడు మన రోడ్డు చివర పాకల్లోకి కొండ మనిషి ఒక్కరూ దిగటం లేదు, ఎందుకో తెలుసునా అన్నాడు. అందరికీ తెలుసు. కొండ మీది గూడేలకి ఏ బండీ ఎక్కదు కనక కొండవాళ్లే గంపలు నెత్తిన పెట్టుకుని కిందికి దిగేవారు, తాతలనాటినుంచీ అంతే, ఇప్పుడు వాళ్ల గుమ్మాల్లోకే ఎక్కే బండి ఒకటి వచ్చింది, పాత్రపూర్ పక్క పల్లెవాడు దేముడట, సూరత్ మగ్గాల మీద సంపాదించిందంతా ఈ పాత పికప్పు మీద పోసి దాని రూపు మార్పించాడట, గుమ్మంలోనే తూచి, మనకన్నా ఎక్కువిచ్చి, బరంపురం తెచ్చి మనకే అమ్మచూస్తున్నాడట. అంతకు ముందే వీధంతా ఒక మాట అనుకున్నారు, వాడి చింతపండు ఎవరి కాటా మీదా పెట్టకూడదని. పెట్టలేదు. వాడి సరుకు ఎండలో నల్లబడిపోయింది. అప్పుడిక వాడు బండి అమ్మచూపాడని తెలిసింది, ఆ కబురే చెప్పి అరుగు మీద తాతారావు నవ్వాడు. "ఒరే రమణా, ఏటంటే, పాముని సంపక్కర్లేదు, కోరలు పీకితే సాలు. ఆడి కోరలు ఆ సెక్రాలే. అందరి తరపునా నువ్వెళ్లి కొనుక్కురా, రోడ్డు ఆఫీసువాళ్లు ఇలాటి బండిని ఒప్పరని సెప్పి అన్నీ ఇప్పించీసి మామూలు బండి సేసీద్దాం. నువ్వెల్తే ఇత్తాడు. నీ మంచితనమంటే ఆడికి గురి." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు, తనూ ఊపాడు. ఎందుకూపావంటే ఏం చెప్పగలడు, పదిమందీ ఊపుతుంటే ఊపాడు, నలుగురితో పాటు నారాయణా.

బండి తారు రోడ్డు వదిలి మట్టిలోకి దిగింది, జీడితోటల మధ్యనుంచి, ఎండకి వగరు వాసన. దేముడు పాట లాంటిదేదో ఈలవేస్తున్నాడు. బండి అమ్ముకోవడానికి మనసు రాయి చేసుకున్న మనిషి ఈల వేస్తాడా, వేస్తాడేమో, ఆనాడు కూడా ఇలాగే ఈలవేసుకుంటూ వచ్చాడు కొట్టుకి. ఆ మధ్యాహ్నం వద్దంటే వస్తుంది కళ్లలోకి. గోడౌను ఖాళీగా ఉంది, ఎంత ఖాళీ అంటే, మూలన పిచిక ఒకటి అరుస్తుంటే ఆ అరుపు తిరిగి వినబడుతోంది, కొండ సరుకు దిగక ఈ ఏడు నేల చూసింది గోడౌను. దేముడు గుమ్మం దిగువన నిలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ బాబూ సరుకు తెచ్చినాను, కొత్త పంట, పిక్క తీసింది, సూడండి అన్నాడు. తను లేచి వెళ్లి, గోడౌను తలుపుకి వీపు ఆన్చి, వీపుతోనే మెల్లగా తోసి మూశాడు, ఆ తలుపుకి కిర్రుమనే జబ్బుంది, కిర్రుమంది, కిర్రుమంటుండగానే అన్నాడు, "గోడౌను నిండిపోయింది దేముడూ, కాలు పెట్టే జాగా లేదు. వచ్చే వారం చూద్దాం." మజ్జిగ ఇప్పించాడు కూడా. వాడు మజ్జిగ తాగి, మీరు కాబట్టి మంచి మాట సెప్పినారు, మిగతావోల్లు కుక్కని తోలినట్టు తోలీసినారు అన్నాడు. పిచిక లోపల మళ్లీ అరిచింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తను వీపుతో తలుపు మూశాడు, కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈ యేడు సింతపండుకి గిరాకీ పడిపోనాది కదేటి బాబూ" అన్నాడు దేముడు ఇప్పుడు, గేరు మారుస్తూ. రమణమూర్తి కిటికీలోంచి చూశాడు. "మా ఇంటిది చిన్నమ్మి అంటాది, నీకు రాత లేదు, ఒగ్గీ, మల్లీ సూరత్ పోదామని. నాకూ మనసొప్పదు, కానేటి సేత్తాను. తాతారావు బాబు కబురెట్టుంటే మాత్రం నాను రాకపోదును, బండిని ముక్కలు సేసి పాతసామాన్లోడికి అమ్ముకుందును. మీరని వచ్చినాను. ఆడోల్ల నెత్తి మీద మోత సొంత సేతుల్తో దించీ సావుకారు మీరొక్కరే. అలాటి సేతిలోకెల్తే బండికీ మంచిదే."

బండి గోతిలో పడి లేచింది. దించే చెయ్యి. ఆ మాట చాలామంది అన్నారు ఇదివరకు, అన్నప్పుడల్లా చేతులు కట్టుకుని ఏదో మనకి చేతనైంది అనేవాడు. రోడ్డు చివర తమ పాకలో వట్టివేళ్లు వేసిన నీళ్లకుండ ఉంటుంది, తెల్లారేసరికి నింపిస్తాడు, కొండ దిగి గంపలతో ఆడవాళ్లు కనబడగానే కాటా దగ్గర గుమాస్తాలుంటారు గాని తనే లేచి ఎదురెళ్తాడు, రెండు చేతులూ పైకెత్తి గంప అంచులు పట్టుకుని, "దించు తల్లీ, నీళ్లు తాగు" అంటాడు. చెమటకి తడిసిన తలగుడ్డ చుట్ట కింద పడుతుంది, తీసి దులిపి ఇస్తాడు. వాళ్లు నవ్వుతారు. దోసిలి పట్టి తాగుతారు. ఎంత మంచి సావుకారు. ఎంత మంచి సావుకారంటే, నాన్నగారు నేర్పిన విద్య అది. మీసం రాని వయసులో మొదటిసారి పాకలో పనికి కూర్చోబెట్టి, చెవి దగ్గర చెప్పారు, మోత నెత్తిమీదున్నంతసేపూ బేరం వాళ్లదిరా, నచ్చకపోతే ఇంకో పాకకి పోతారు, నేలకి దించారా, బేరం మనది, నెత్తికెత్తేవాడు లేక ఆ మోతతో ఒక్క అడుగు కదల్లేరు, కొండెలాగూ ఎక్కలేరు, అందుకని ముందు ప్రేమగా దించుకో, ఆ తరవాత ధర చెప్పు. దింపుడు బేరం అనేవారు దాన్ని వీధిలో, ముచ్చటగా, ఓ వంటకం పేరు చెప్పినట్టు. నీళ్లకుండ కూడా నాన్నగారి తెలివే. తను వట్టివేళ్లు చేర్చాడు.

అయినా తను మంచిగానే ఇచ్చాడు, తాతారావు కన్నా ఓ రూపాయి ఎక్కువే ఇచ్చాడు, తూకంలో మోసం లేదు, ఎవరినడిగినా చెబుతారు, నీళ్లు నిజంగా చల్లగా ఉండేవి, దించినప్పుడు వాళ్ల మెడలు నిజంగా తేలికపడేవి, దాంట్లో అబద్ధమెక్కడుంది. ఎక్కడుందో చేతులకి తెలుసు. ఇన్నేళ్లలో ఎన్ని గంపలు దించాడో లెక్కలేదు, ఒక్కటీ ఎత్తలేదు. ధర నచ్చక నిలబడిపోయినవాళ్లు, గంప వైపూ కొండ వైపూ మార్చి మార్చి చూసి, ఎవరైనా ఓ చెయ్యి వెయ్యరా అన్నట్టు చుట్టూ చూసేవారు, అప్పుడు తను కాటా దుమ్ము తుడుచుకుంటూ ఉండేవాడు. చూపు తిప్పుకోవడం కూడా వ్యాపారంలో భాగమేనని నాన్నగారు చెప్పకుండానే నేర్చుకున్నాడు.

బండి ముందుభాగం లేచింది. దారి ఇక దారిలా లేదు, వానకి కోసుకుపోయిన రాళ్ల మెట్లు, పక్కనే లోయ. దేముడు రెండో కర్ర ఒకటి లాగాడు, నాలుగు చక్రాలూ నేలని పట్టాయి, బండి ముసలి ఏనుగులా ఒక్కో కాలే పెట్టుకుంటూ ఎక్కుతోంది. రమణమూర్తి సంచీని ఒళ్లోంచి గుండెకి హత్తుకున్నాడు. ఇంత నిట్టనిలువుగా ఉంటుందని తెలియదు. ఎన్నేళ్ల వ్యాపారం, కింద పాకలో కూర్చుని కొండని చూస్తే ఆకుపచ్చగా, పటంలో ఉన్నట్టు ఉండేది, దాని మీద కాలు పెట్టలేదెప్పుడూ. బండి దారిని అడ్డంగా కోసుకుంటూ మాటిమాటికీ ఓ సన్నని కాలిబాట కనబడుతోంది, పైనుంచి కిందికి, పాదం పట్టేంత, రాళ్లు నున్నగా అరిగిపోయి. ఇదే కదా. వాళ్లు దిగేది ఇదే. ఇప్పపూలు రాలి బాట నిండా పచ్చగా నలిగి ఉన్నాయి, పులిసిన వాసన గుప్పున కొట్టింది.

మలుపులో బాట పక్కన ఓ రాయి. ఒకటి కాదు, రెండు నిలువు రాళ్ల మీద అడ్డంగా ఓ బల్లరాయి, మనిషి తలకి సమంగా, ఎవరో ఎప్పుడో పేర్చింది. "అదేటి?" అన్నాడు, అడుగుతూ ఉండగానే ఏమిటో గుర్తుకొస్తోంది. "మోతరాయండి. నెత్తి మీది గంప అలాగే జరిపీసి దాని మీదెట్టి, మెడ తిప్పుకుని, మల్లీ తల దాని కిందెట్టి ఎత్తీసుకుంటారు. ఒకల సాయం అక్కర్లేదు." దేముడు మామూలుగా చెప్పాడు. బండి దాన్ని దాటింది, రమణమూర్తి మాత్రం దాటలేకపోయాడు. మోతరాయి. తమ పాక ముందు కూడా ఉండేది. తను చాలా చిన్నవాడు, అప్పుడు పాకకి కప్పు తాటాకు, ముందు చింతచెట్టు, చెట్టు పక్క ఇలాంటి రాయే, ఆడవాళ్లు గంపలు దాని మీదకి జరిపి, నడుం మీద చేతులు పెట్టుకుని బేరమాడేవారు, నవ్వేవారు, ధర కుదరకపోతే తల దూర్చి గంపెత్తుకుని చకచకా పక్క పాకకి పోయేవారు. ఓ రోజు నాన్నగారు మనుషుల్ని పెట్టి దాన్ని పడగొట్టించారు. దున్నపోతుల బండి మీద ఆ రాళ్లు బరంపురం వచ్చాయి. పిల్లాడు కదా, తను ఆ బండి మీద రాళ్ల పైనే కూర్చుని వచ్చాడు, ఊరేగినట్టు, దారిపొడుగునా కాళ్లాడిస్తూ. బల్లరాయి గోడౌను గుమ్మానికి పనికొచ్చింది. రోజూ దాని మీద కాలు పెట్టే లోపలికెళ్తాడు, బయటికొస్తాడు, నున్నగా చల్లగా ఉంటుంది, నాన్నగారు మంచి రాయి సంపాదించారని అనుకునేవాడు. నున్నదనం ఎవరి గంపలదో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు దేముడితో అబద్ధమాడినప్పుడు కూడా దాని మీదే నిలబడి ఉన్నాడు.

తల తీసేసినట్టయింది. చెవులు వేడెక్కాయి, మెడ వేడెక్కింది, దేముడు చూస్తాడేమోనని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, ఒకటికి రెండుసార్లు. సరే, కొని విప్పకుండా ఉంటే. కొని, ఎవరికీ ఇవ్వకుండా, ఇంటి వెనక రేకుల షెడ్డులో. అదీ చంపడమే. కొనకుండా దిగిపోతే. తాతారావు వేరేవాణ్ణి పంపుతాడు, లేదా దేముడే ముక్కలు చేసి అమ్ముకుని సూరత్ రైలెక్కుతాడు, చేతులు కడుక్కున్నట్టుంటుంది తనకి, బండి మాత్రం బతకదు. తనే కొని తనే కొండెక్కి కొంటే. ఆ ఆలోచన వచ్చీరాగానే లాభం లెక్క కూడా వెంటబెట్టుకుని వచ్చింది, రవాణా ఖర్చు మిగులుతుంది, దళారి కమీషను మిగులుతుంది, తాతారావు నోట్లో మన్ను. చూశావా, సిగ్గులో మునిగి ఉన్నవాడికి కూడా చెయ్యి కాటా మీదకే పోతుంది.

చివరికి గూడెం వచ్చింది. తెంతులిగుడ అంటే ఏమీ లేదు, పదిహేనో ఇరవయ్యో ఇళ్లు, ఎర్రమట్టి అలికిన గోడలు, ఎండలో చాపల మీద చింతపండు. బండి ఆగగానే పిల్లలు చక్రాలెక్కేశారు, కోళ్లు తొట్టి కిందకి చేరాయి, ఇది వాళ్ల ఊరి బండే అన్నట్టు. దేముడు మళ్లీ భుజమిచ్చాడు. దిగి, సంచీ భుజానికి తగిలించుకుని నిలబడ్డాడు రమణమూర్తి. ఓ వాకిట్లో ముసలమ్మ గంపలోకి చింతపండు నొక్కి నింపుతోంది. తలెత్తి చూసింది. ఇతను ఆమెని గుర్తుపట్టలేదు, ఎలా గుర్తుపడతాడు, ఎప్పుడూ నెత్తి మీది గంపనే చూశాడు. ఆమె గుర్తుపట్టింది. పళ్లు లేని నోరంతా నవ్వు చేసుకుని లేచి, లోపలికెళ్లి, సొరకాయ బుర్రతో నీళ్లు తెచ్చింది, రెండో చెయ్యి చాచి అతని భుజం మీది సంచీ పట్టుకుంది.

"దించు తల్లీ, నీల్లు తాగు."

ఆమెది సవర మాట, బజారు కోసం కాస్త ఒడియా, తెలుగు రాదు. వచ్చిన తెలుగంతా ఇదే. ఇన్నేళ్లు కొండ దిగి, ఎండలో నిలబడి, ఒక మనిషి చేతులెత్తి తనతో అన్నమాట, ఆదరించే మాట అదే కాబోలు అనుకుని నేర్చుకుంది, మగవాణ్ణి తల్లీ అనరని కూడా తెలియకుండా, ముక్క పోకుండా దాచుకుని, ఇప్పుడు అతను తన గుమ్మంలోకి వస్తే తీసి ఇచ్చింది. దేముడు నవ్వుతూ, "సొంబారి అవ్వకి మీరంటే ఎంతో పేణం బాబూ" అన్నాడు. రమణమూర్తికి కళ్లలో నీళ్లు రాలేదు, వస్తే బాగుండును. సంచీ ఆమె చేతికొదిలేశాడు. ఆమె దాన్ని నేలమీద పెట్టలేదు, అరుగు మీద, నడుమెత్తున, మళ్లీ భుజానికి తీసుకోవడానికి వీలుగా పెట్టింది. నీళ్లు తాగాడు. వట్టివేళ్లు లేవు, చల్లగానే ఉన్నాయి.

అంతా అయినాక కూడా, ఆ నోరు ఊరుకుందా. చేతులు తుడుచుకుంటూ గంప వైపు చూసి, ఏమీ తోచక, అలవాటు కొద్దీ, పాకలో చెప్పే ధరే చెప్పాడు ఒడియాలో. సొంబారి కోపం తెచ్చుకోలేదు, కొండ వైపు చూడలేదు, సాయానికి చుట్టూ చూడలేదు. "దేబి నాహి" అంది, ఇవ్వను అని, పిల్లాడు మిఠాయి అడిగితే అన్నంత తేలిగ్గా, మళ్లీ వంగి తన పని చూసుకుంది. గంప ఆమె వాకిట్లోనే ఉంది, దించవలసిన పని లేదు, ఎత్తవలసిన పనీ లేదు, వర్తకుడు పోతే పోతాడు. ఇన్నేళ్లలో కొండ మనిషి నోట ఇవ్వను అన్న మాట వినలేదు అతను. ఎంత బాగా అంది. ఎంత హాయిగా అంది.

"దేముడూ" అన్నాడు. దేముడు తాంబూలం కోసమనుకుని చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చాడు. "ఆవేళ గోడౌను ఖాళీ."

"ఏ గోడౌను బాబూ?"

"మాదే. నువ్వొచ్చినవేళ. నా వెనక తలుపు మూసి చెప్పాను నీతో. అందరి గోడౌన్లూ ఖాళీయే. నీ సరుకు తూకం వెయ్యకూడదని వీధంతా అనుకున్నాం. బండి కొనమని నన్ను పంపింది కూడా విప్పించెయ్యడానికే."

కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు, ఎదురుమాట కోసం కాచుకుని, తప్పయిందనే మాట నాలిక చివర సిద్ధం చేసుకున్నాడు. దేముడు బండి దగ్గరికి నడిచి, పక్క అద్దం తువ్వాలుతో తుడిచాడు, తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. పిల్లలు చక్రం మీద గెంతుతున్నారు. చివరికి ఇటు తిరిగాడు, ముఖం నల్లగా మాడిపోయి ఉంది, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"అయితే సింతపండుకి గిరాకీ లేకపోడం కాదన్నమాట."

"కాదు."

"మరైతే నాను బండెందుకమ్మాలి బాబూ? నా సింతపండు కొనీయండి, సాలు."

ఇంతే. కొనాలా వద్దా అని వారం రోజులు నిద్ర లేకుండా కొట్టుకున్నదంతా ఇంతే. బండి అడగనే అక్కర్లేదు, తలుపు తెరిచి కాటా మీద సరుకు పెట్టమనడం చాలు, ఇంత చిన్న సంగతి ఏ మూలనా తోచలేదు తనకి, తోచకుండా ఎవరో వీపు ఆన్చి మూశారు. తప్పయిందని అనబోయి మానేశాడు. వాడు క్షమాపణ అడగలేదు, తూకం అడిగాడు. "కొంటాను" అన్నాడు, నేల చూస్తూ. "నల్లబడిన సరుకు కూడా, మంచి ధరకే. బండి నీదే."

ఈసారి ధర ఆమెనే అడిగి, సంచీలోంచి తాంబూలం తీసి సొంబారి చేతిలో పెట్టాడు, ఆమె చెప్పిన ధరకి బయానాతో సహా. ఆమె తమలపాకు విప్పి, వెలుగులో చూసి, వక్క పెట్టుకుని నోట్లో వేసుకుంది, బేరం కుదిరింది. దేముడు తొట్టిలోకెక్కి పట్టా పరుస్తున్నాడు. నిండిన గంప వాకిట్లో ఉంది. రమణమూర్తి తలకి తువ్వాలు చుట్ట పెట్టుకుని గంప ముందు వంగి, "ఎత్తు తల్లీ" అన్నాడు. సొంబారి అర్థం కానట్టు చూసింది. ఆ మాట ఆమెకి రాదు, ఎవరూ ఆమెతో అనలేదు కనక. చేత్తో చూపించాడు, గంప, తన తల. ముసలమ్మకి నవ్వాగలేదు, కోడల్ని పిలిచింది, ఇద్దరూ చెరోవైపూ పట్టి ఎత్తారు. మెడ భుజాల్లోకి దిగబడిపోయింది, కళ్ల ముందు చీకటి కమ్మింది, వెన్ను పాములా మెలికపడింది. బండి దాకా నడవాలి, వాకిలంతే దూరం, ఈ మోతతో వాళ్లు ఆ బాటంతా దిగి వచ్చేవారు, వచ్చి దాహంతో నవ్వేవారు. బండి తొట్టి ఎంత ఎత్తంటే, తల మీది గంప అంచు సరిగ్గా దానికి ఆనింది, దేముడు పైనుంచి జరుపుకున్నాడు. మోతరాయిలా. రమణమూర్తి తువ్వాలు తీసి దులుపుకున్నాడు, తనకి తనే.

మిగతా గంపలు ఎక్కించేసరికి ఎండ పడమటికి వాలింది. ఇక దిగాలి, పాత్రపూర్ మీదుగా బరంపురం, బజారు వీధి, తాతారావు కొట్టు అరుగు మీద ఈపాటికి అందరూ చేరి ఉంటారు, చక్రాలు విప్పే మేస్త్రీని కూడా రప్పించి ఉంటారు, వాళ్ల ముందునుంచి ఈ ఎత్తు బండి, నిండుగా, పక్కసీటులో తను. దేముడి భుజం పట్టుకుని బండెక్కి, తలుపు వేసుకుని, కాస్త ఆగి, బండి చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా అన్నాడు.

"కాస్త చీకటి పడ్డాక వెళ్దామా, దేముడూ?"

దేముడు తల తిప్పి చూశాడు. పొద్దున్నుంచీ మొదటిసారి చూసినట్టు, తీరిగ్గా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, గురి కూడా లేదు.

"ఏటికి బాబూ? ఎలుగుంది కదా."

రమణమూర్తి ఖాళీ సంచీ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అవును" అన్నాడు. "వెలుగుండగానే వెళ్దాం."